చల్లారే రోజు

బట్టీని ఎవరూ తొందరపెట్టలేరు. గదమాయిస్తే వినదు, బతిమాలితే వినదు, గడియారం చూపిస్తే అసలే వినదు. పింగాణీ కప్పులు కాల్చి ఆపేశాక ఒక రాత్రీ ఒక పగలూ దాని మానాన దాన్ని వదిలెయ్యాలి. ఈలోపు తలుపు తీశారో, చల్లగాలి తగిలి లోపలి కప్పులు ఎక్కడివక్కడ చిట్లిపోతాయి. ఆ కార్ఖానాలో నేల ఊడ్చే మనిషికి కూడా ఈ సంగతి తెలుసు. తెలిసీ తెలియనట్టు ఉండేది ఒక్క ఇంజనుగారే.

ఇంజను అంటే యజమానురాలు. ఆ పేరు పెట్టింది ప్యాకింగు చేసే పిన్ని. ఆవిడ ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు, ఆ వీధి మొత్తానికీ పిన్నే. మొగుడూ పెళ్లాలిద్దరూ కొత్తగా షెడ్డు అద్దెకి తీసుకున్న రోజుల్లోనే పిన్ని వాళ్లని పైనుంచి కిందికి ఒకసారి చూసి, "ఈ పిల్ల ఇంజను. ఆ అబ్బాయి ఆఖరి పెట్టెలో గార్డు" అని తేల్చేసింది. ఆమెకి ఆ పేరు నచ్చలేదు. ఆయనకి మాత్రం తెగ నచ్చింది. "గార్డు జెండా ఊపందే బండి కదలకూడదోయ్, అది రూలు" అని పదమూడేళ్లుగా అంటూనే ఉన్నాడు. పదమూడేళ్లుగా బండి జెండా కోసం చూడకుండానే కదిలిపోతూ ఉంది.

ఆమె పని రాక్షసి అని లోకం అంటుంది. అనేవాళ్లకేం, నోరుంది కాబట్టి అంటారు. పద్దెనిమిదో ఏట ఒక పెద్ద కప్పుల ఫ్యాక్టరీలో చేరి, ఎనిమిదేళ్లు నిలబడి కప్పులకి పట్టుకునే చెవులు అతికించిన మనిషి. అక్కడ కూర్చోవడానికి స్టూలు ఉండేది కాదు. ఎవరైనా బోర్లించిన డబ్బా మీద కూర్చుంటే సూపర్‌వైజరు వచ్చి కాలితో డబ్బాని పక్కకి తోసేవాడు. మట్టి కలిపే చోట ఒక కుర్రాడు మాత్రం రోజూ ఏదో వంకతో ఆమె బల్ల దగ్గరికి వచ్చి, "మీరో నిమిషం కూర్చోండి, ఈ నాలుగు చెవులూ నేను పెడతా" అనేవాడు. వంకరటింకరగా పెట్టేవాడు. తర్వాత వాటినన్నిటినీ ఆమె పీకి మళ్లీ పెట్టుకోవలసి వచ్చేది. ఆ కుర్రాణ్ణే పెళ్లి చేసుకుంది. సొంత షెడ్డులోకి మొట్టమొదట కొన్న వస్తువు బట్టీ కాదు, కుమ్మరి సారె కాదు, ఒక పొడుగాటి చెక్క బల్ల. "నా దగ్గర ఎవరూ నిలబడి చావక్కర్లేదు" అంది ఆ రోజు. ఆ మాట ఆమెకి ఇప్పటికీ గుర్తుంది, అదే ఆమె ఖర్మ.

బల్లని బట్టీ గోడకి ఆనించి వేశారు. బట్టీ ఆపాక ఆ ఇటుక గోడ వెచ్చగా ఉంటుంది. చలికాలం వీపు ఆనించి కూర్చుంటే ఒళ్లంతా హాయిగా సడలిపోతుంది. ఆయన అక్కడ కూర్చుని గోడకి చెవి పెట్టి వినేవాడు. లోపల కప్పుల మీది పూత బిగుసుకుంటూ ఎప్పుడో ఒకసారి టింగుమంటుంది. "మాట్లాడుకుంటున్నాయి" అనేవాడు. "ఏమంటున్నాయిట?" అని పిన్ని ఎగతాళి చేస్తే, "ఇంజనుగారిని కాస్త దూరంగా ఉండమంటున్నాయి" అనేవాడు.

బట్టీ తలుపు పక్కన మేకుకి ఒక పలక వేలాడేది. లోపల ఏం పెట్టాం, ఎప్పుడు ఆపాం, ఎప్పుడు తియ్యాలి, ఈ మూడూ రాయడానికి. కింద రెండు వేళ్ల జాగా మిగిలేది. ఆ జాగా ఆయనది. బట్టీ చల్లారే రోజున కార్ఖానాలో ఎవరికీ పని ఉండదు కాబట్టి ఆ రోజు ఎక్కడికి వెళ్లాలో అక్కడ రాసేవాడు. "ఏటి గట్టు." "మరదలి ఇల్లు." "సినిమా, మధ్యాహ్నం ఆట." ఒకసారి "ఎక్కడికీ వద్దు, పడకే" అని రాస్తే పిన్ని దాన్ని గట్టిగా చదివి వినిపించింది. ఆమె సిగ్గుతో చచ్చిపోయి, రెండు రోజులు పిన్నికి మొహం చూపించలేదు. వారంలో ఒకసారో, పదిరోజులకి ఒకసారో వచ్చే ఆ రోజుని అందరూ చల్లారే రోజు అనే పిలిచేవారు. పన్నెండేళ్లు అలా గడిచాయి. అప్పుడు చెప్పలేదు గానీ, ఆ పన్నెండేళ్లూ ఆమె సుఖంగానే బతికింది.

తలుపు తియ్యడం ఎప్పుడూ ఆయన పనే. చేతిని వెనక్కి తిప్పి, ఇనప తలుపుకి ఆనించి, ఒకటి, రెండు అని లెక్కపెట్టేవాడు. కాలకుండా పది దాకా ఉంచగలిగితే తలుపు తియ్యొచ్చు. ఎనిమిదికే చెయ్యి లాక్కోవలసి వస్తే ఇంకో రెండు గంటలు ఆగాలి. లోపలి వేడి చెప్పే యంత్రం ఉన్నా ఆయన దాన్ని నమ్మేవాడు కాదు. "పది వచ్చిందోయ్" అని ఆయన కేకేస్తే, ఆమె ఎక్కడున్నా చెయ్యి తుడుచుకుంటూ వచ్చేది. ఇద్దరూ కలిసి తలుపు తీసేవారు.

తర్వాత హోటలు వాళ్లు వచ్చారు. నాలుగు ఊళ్లలో హోటళ్లున్నవాళ్లు, అన్నిటికీ ఒకే రకం కప్పులు కావాలన్నారు. ఆమెకి కాలు నేల మీద నిలవలేదు. నెల తిరక్కుండా రెండో బట్టీ పెట్టించింది. మొదటిదాన్ని పెద్దది అనీ, కొత్తదాన్ని చిన్నది అనీ అనసాగారు. ఇంత తేలికైన ఉపాయం ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదా అని ఆమె ఆశ్చర్యపోయింది. పెద్దది చల్లారుతుంటే చిన్నది కాలుతుంది. చిన్నది చల్లారుతుంటే పెద్దది కాలుతుంది. ఒక్క రోజు కూడా వృథా పోదు.

ఆయన చిన్న బట్టీ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "మరి మనమెప్పుడు చల్లారాలోయ్?" అని అడిగాడు.

"ముసలయ్యాక చల్లారుదురుగాని, ముందు ఆ మట్టి సంగతి చూడండి" అందామె.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. పలక మీద కింది జాగా ఆ రోజు నుంచి ఖాళీగా ఉండిపోయింది.

ఏడు నెలలు గడిచాయి. ఆ ఏడు నెలల్లో ఆమె కాలికి బలపం కట్టుకుని తిరిగింది. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో కప్పు. తినేది నిలబడి తినేది. ఎవరైనా కూర్చోమంటే విసుక్కునేది. నిలబెట్టి చంపే చోటు నుంచి బయటపడి వచ్చిన మనిషి తన సొంత షెడ్డులో అచ్చంగా అలాగే నిలబడి ఉందన్న సంగతి ఆమెకి తట్టనే లేదు. ఎవరైనా చెప్పినా వినేది కాదు. ఈ ఒక్క ఆర్డరు అయిపోనీ, పది రోజులు మూసేసి ఎక్కడికైనా పోదాం అని ఆయనతో అంటూ ఉండేది. అబద్ధం కాదు, మనసులో నిజంగానే అనుకునేది.

ఆయనకి ఎడమ భుజం లాగడం మొదలైంది. మట్టి పిసికి పిసికి పట్టేసిందనుకున్నారు ఇద్దరూ. నలభై ఆరేళ్ల మనిషి, రోజుకి రెండు బట్టీలకి సరిపడా మట్టి పిసికితే పట్టదా మరి. ఆమె రాత్రిళ్లు మందు రాసి రుద్దేది. తర్వాత పైన ఇంట్లోకి వెళ్లే మెట్ల మీద నాలుగో మెట్టు దగ్గర ఆయన కూర్చోవడం మొదలుపెట్టాడు. ఉన్నవి పద్నాలుగు మెట్లు. "ఏం చేస్తున్నారక్కడ?" అంటే "వీధి చూస్తున్నా" అనేవాడు. అక్కణ్ణుంచి కనిపించేది ఎదురింటి గోడ ఒక్కటే.

ఒక ఆదివారం ఆమె చెల్లెలు వచ్చింది. చెల్లెలు ఆస్పత్రిలో నర్సు. బావ నాలుగో మెట్టు మీద కూర్చుని ఉండడం చూసి, సంచీ కింద పెట్టి ఆయన మణికట్టు పట్టుకుంది.

"ఏం మరదలా, పట్టపగలు చెయ్యి పట్టుకుంటున్నావు. మీ అక్క చూస్తోంది."

"చూడనీ బావా. మాట్లాడకు, నాకు లెక్క తప్పుతోంది."

మొదట నవ్వుతూనే పట్టుకుంది. అర నిమిషానికి నవ్వు పోయింది. ఆయన్ని అక్కడే కూర్చోబెట్టి, అక్కని మట్టి బస్తాల వెనక్కి తీసుకెళ్లింది.

"అక్కా, ఇది భుజం నొప్పి కాదు. గుండె డాక్టరుకి చూపించాలి. పరీక్షలకి ఒక పూట పడుతుంది, ఆదివారం ఉండరు. ఏ రోజు తీసుకొస్తావు?"

"చల్లారే రోజు తీసుకొస్తాలేవే."

అలవాటు కొద్దీ నోటికి వచ్చేసింది. చల్లారే రోజన్నది లేక ఏడు నెలలైందని చెల్లెలికి తెలియదు. ఆమెకి తెలుసు. తల తిప్పి చూస్తే మెట్ల మీద నుంచి ఆయన ఇటే చూస్తున్నాడు. విన్నాడో లేదో, మళ్లీ ఎదురింటి గోడకేసి తిరిగాడు.

ఆ మర్నాడు పలక కింది జాగాలో ఆయన రాత మళ్లీ కనిపించింది. "డాక్టరు." అంతే, ఒక్క మాట.

ఆ మాటని ఆమె చూసింది. చూడలేదంటే పాపం. పెద్దది ఆపిన రోజు చూసింది. మర్నాడు హోటలు వ్యాను ఒక రోజు ముందే వచ్చేసింది కాబట్టి, తడిగుడ్డతో ఆ మాటని తుడిచి, వచ్చే విడత వివరాలు రాసింది. ఆయన మళ్లీ కింద రాశాడు. మరుసటి విడత చెవులు అతికించే అమ్మాయి రాలేదు, ఆ పని ఆమె నెత్తిన పడింది, మళ్లీ తుడిచింది. ఆ పై విడత ఎందుకు తుడిచిందో ఆమెకే గుర్తు లేదు. ఆయన ఒక్కసారి కూడా గొడవ పడలేదు. పడి ఉంటే బాగుండేది. ఆ మనిషి గట్టిగా అరిచి, పలక తీసి నేలకేసి కొట్టి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేదేమో. ఆయన సుద్దముక్క తీసుకుని మళ్లీ అదే మాట, అంతే ఓపిగ్గా, అంతే గుండ్రంగా రాసేవాడు.

నాలుగోసారి చెల్లెలే పూనుకుని బుధవారం పొద్దున్నకి డాక్టరు దగ్గర టైము తీసుకుంది. ఆమె ఒట్టేసి మరీ వస్తానంది. మంగళవారం సాయంత్రం హోటలు మేనేజరు ఫోను చేశాడు. కొత్త హోటలు తెరుస్తున్నారట, మర్నాటి పొద్దుటికల్లా నూట ఇరవై కప్పులు కావాలట, లేకపోతే పరువు పోతుందట. ఆ కప్పులు పెద్దదాంట్లో ఉన్నాయి. పెద్దదాన్ని ఆపి అప్పటికి పన్నెండు గంటలైనా కాలేదు.

ఆయన తలుపుకి చెయ్యి ఆనించి నాలుగు దగ్గరే లాక్కున్నాడు. "వద్దోయ్. నాలుగుకే కాలుతోంది."

"అవి ఇచ్చేస్తే రేపు పొద్దున్న నిశ్చింతగా డాక్టరు దగ్గరికి పోవచ్చు. మీకోసమే కదా నేను చూస్తోంది."

"నాకోసమైతే ఆగు."

ఆగలేదు. పెద్ద చేతి తొడుగులు వేసుకుని తలుపు లాగేసింది. ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత కప్పులన్నీ ఒక్కసారిగా టింగు టింగు టింగుమంటూ మొదలుపెట్టాయి. పై అర నుంచి కింది అర దాకా ఒకటే చప్పుడు. ఆయన బల్ల మీద కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నూట ఇరవైలో నలభై కూడా మిగల్లేదు. మిగతావన్నిటి మీదా వెంట్రుకంత సన్నపు పగుళ్లు.

పోయినవి మళ్లీ చెయ్యాలి కాబట్టి బుధవారం అటే పోయింది. ఆ పూట పలక మీది మాటని ఆయనే తుడిచాడు. ఆమె గుడ్డ అందుకోబోతే, "ఉండు, నేను తుడుస్తాలే" అని మెల్లగా తుడిచేశాడు.

శుక్రవారం డ్యూటీ దిగి చెల్లెలు నేరుగా కార్ఖానాకి వచ్చింది. యూనిఫాం కూడా మార్చుకోలేదు. బావ ముందు ఒక్క మాట అనలేదు. అక్కని అట్టపెట్టెల గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేసి, కుండ బద్దలు కొట్టినట్టు అడిగేసింది.

"ఆ ఇటుకల బట్టీకి ఒక రాత్రీ ఒక పగలూ ఇస్తావు. మా బావకి ఒక్క పూట ఇవ్వలేవా అక్కా?"

చెల్లెలు వెళ్లిపోయాక ఆమె ఆ పెట్టెల మధ్య కూర్చుని ఏడ్చింది. పదమూడేళ్లలో ఆమె కార్ఖానాలో ఏడవడం అదే మొదలు. పిన్ని తలుపు తోసి చూసి, మళ్లీ వేసి పోయింది.

ఏడుపు అయ్యాక మొహం కడుక్కుని చెల్లెలికి ఫోను చేసింది. సోమవారానికి టైము దొరికింది. తర్వాత హోటలు మేనేజరుకి ఫోను చేసింది. వారం పాటు కప్పులు ఇవ్వలేనంది. అతను గింజుకున్నాడు, బెదిరించాడు, వేరేవాళ్లని చూసుకుంటానన్నాడు. "చూసుకోండి" అంది. ఆ మాట అనేసి ఫోను పెట్టేసింది. కొంపేమీ మునిగిపోలేదు, షెడ్డు కప్పు ఊడి మీద పడలేదు. ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో అనేదాన్ని కదా అనుకుంది.

శనివారం మధ్యాహ్నం పెద్దదాంట్లో ఆఖరి విడత వెలిగించి, రాత్రికి ఆపారు. ఆదివారం పొద్దున్నే ఆమె టీ గ్లాసులు రెండు పట్టుకుని కిందికి వచ్చి ఆయనకి చెప్పింది.

"రేపు డాక్టరు. రెండు బట్టీలూ ఆపేస్తున్నాను. హోటలు వాడికి చెప్పేశాను, పోతే పోనీ."

ఆయన నమ్మలేదు. ఆమె మొహం చూసి నమ్మాడు. టీ గ్లాసు పక్కన పెట్టి, సుద్దముక్క వెతుక్కుని, పలక కింది జాగాలో రాశాడు. "రేపు డాక్టరు. అట్నుంచటే ఏటి గట్టు." రాసి, రెండడుగులు వెనక్కి వేసి, బొమ్మ గీసిన పిల్లాడిలా చూసుకున్నాడు. తర్వాత భుజం రాసుకుంటూ బల్ల మీద కూర్చున్నాడు.

"ఈ పూట కాస్త నడుం వాలుస్తానోయ్. ఇంత మంచి మాట విన్నాక పని చెయ్యబుద్ధి కావట్లేదు."

ఇంకో రోజైతే ఆమె ఒంటికాలి మీద లేచేది. ఆ రోజు లేవలేదు. "పడుకోండి. ఎవరొచ్చినా లేపను, నేనూ లేపను. సరేనా?" అంది.

"జెండా ఊపానైతే" అన్నాడాయన. వెచ్చగా ఉంటుందని మొహం గోడవైపు తిప్పి, మోకాళ్లు ముడుచుకుని పడుకున్నాడు.

ఆ రోజంతా ఆమె ఎంత సంతోషంగా ఉందో చెప్పాలి. ఎవరికీ చెప్పుకోలేక ఆమె కుమిలిపోయేది దాని గురించే. ఒంట్లో ఏదో బరువు దిగిపోయినట్టు తేలిగ్గా తిరిగింది. ఆయన చెయ్యాల్సిన పనులన్నీ తనే చేసింది. సెలవు రోజైనా లెక్క చూసుకోవడానికి వచ్చిన పిన్ని రేడియో పెడితే కట్టేయించింది. అట్టపెట్టెలకి టేపు లాగితే బర్రుమంటుందని ఆ పనిని వీధిలోకి మార్పించింది. చెప్పులు విప్పేసి సిమెంటు నేల మీద ఉత్త కాళ్లతో నడిచింది, చప్పుడు కాకూడదని.

పదకొండు గంటలకి ఒకసారి బల్ల దగ్గరికి వెళ్లింది. ఆయన కదల్లేదు. వంగి, చేతి వెనకవైపుతో మెడ మీద తాకి చూసింది. వెచ్చగా ఉన్నాడు. పక్కనున్న దుప్పటి తీసి భుజాల దాకా కప్పింది. చాటుకి వచ్చి చెల్లెలికి ఫోను చేసింది.

"పడుకున్నాడే మీ బావ. లేపనని మాటిచ్చాను."

"పడుకోనీ అక్కా, లేపకు. ఎన్నాళ్లకి పడుకున్నాడో" అంది చెల్లెలు. గొంతులో కోపం పోయింది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఏటి గట్టుకి ఏం పట్టుకెళ్లాలో కాసేపు మాట్లాడుకున్నారు.

ఒంటిగంటకి పిన్ని అంది. "అబ్బాయిని తిండికైనా లేపమ్మాయ్. ఖాళీ కడుపుతో ఎంతసేపు?"

"వద్దు పిన్నీ. ఒక్క రోజు. ఈ ఒక్క రోజు పడుకోనీ."

మూడింటికి మళ్లీ వెళ్లి చూసింది. దుప్పటి కప్పినది కప్పినట్టే ఉంది. దుప్పటి కింద చెయ్యి పెట్టి వీపు తాకింది, వెచ్చగానే ఉంది. పెద్దది ఇంకా వేడి వదుల్తూనే ఉంది, గోడకి ఆనుకున్న బల్లా వెచ్చగానే ఉంది, ఆమె చెయ్యీ పనిలో వేడెక్కి ఉంది. ఇవన్నీ తర్వాత అనుకున్న మాటలు. అప్పుడేమీ అనుకోలేదు. గోడలోపల ఒక కప్పు టింగుమంటే విని, నవ్వుకుని, కాలివేళ్ల మీద నడుచుకుంటూ వెనక్కి వచ్చేసింది.

పొద్దు వాలింది. ఆపి ఒక రాత్రీ ఒక పగలూ అయింది. ఆమె తలుపు దగ్గర నిలబడి ఆయన చేసినట్టే చేతిని వెనక్కి తిప్పి ఇనుముకి ఆనించింది. ఒకటి, రెండు, మూడు. నాలుగు దగ్గర ఆగలేదు. పది దాకా వచ్చింది, చెయ్యి కాలలేదు. తనే తలుపు తియ్యొచ్చు, కానీ తలుపు ఆయనది. పది వస్తే లేపొచ్చులే, మాట తప్పినట్టు కాదులే అనుకుని, నవ్వు మొహంతోనే బల్ల దగ్గరికి వెళ్లింది.

"ఏమండీ, పది వచ్చిందండీ. లేవండి."

భుజం తట్టింది. మెడ మీద చెయ్యి వేసింది. ఇప్పుడే తలుపు మీద తగిలిన చలవ, అదే చలవ, ఆయన మెడ మీద తగిలింది. పదమూడేళ్లుగా బట్టీలోంచి కప్పులు అందుకుంటూ ఆ చెయ్యి చల్లారినదేదో చల్లారనిదేదో గుర్తుపట్టడానికే అలవాటు పడి ఉంది. మొహం ఇటు తిప్పి చూడకముందే ఆమెకి తెలిసిపోయింది.

డాక్టరు వచ్చాడు, చెల్లెలు వచ్చింది, వీధి వీధంతా వచ్చింది. డాక్టరు బాధపడి, గుండె ఆగిపోయిందని చెప్పి, కాగితం రాసిచ్చి వెళ్లాడు. ఆ కాగితంలో ఏం రాసి ఉందో ఆమె చదవలేదు. అందరూ వెళ్లాక చెల్లెల్ని ఒక్కదాన్నే పట్టుకుంది.

"పదకొండింటికి తాకానే. వెచ్చగా ఉన్నాడు. మూడింటికీ వెచ్చగానే ఉన్నాడు. అప్పటికి ఉన్నాడు కదూ?"

చెల్లెలు బల్ల దగ్గరికి వెళ్లి, గోడ మీద అరచెయ్యి పెట్టింది. అంతసేపటికి కూడా ఇటుకల్లో కొంచెం వేడి మిగిలే ఉంది. చెయ్యి తీసి పక్కకి చూస్తూ అంది.

"నిద్రలోనే పోయాడక్కా. బాధ తెలిసి ఉండదు."

"నేనడిగింది అది కాదే. పదకొండింటికి లేపి ఉంటే?"

"నేనే కదక్కా లేపొద్దన్నది" అని చెల్లెలు ఏడ్చేసింది. ఆమెకి కావలసిన జవాబు అది కాదు. ఆ జవాబు ఎవరి దగ్గరా లేదు, ఎవరినడిగినా ఇంకేదో చెబుతారు. రోజూ కసిరే పెళ్లాం ఆ రోజూ కసిరి ఉంటే, ఏం పడకండీ ఇది, మట్టి ఎండిపోతోంది లేవండి అని ఎప్పటిలా అరిచి ఉంటే, ఆయన కళ్లు తెరిచి, గుండె పట్టుకుని, ఒక్క మాట చెప్పి ఉండేవాడేమో. ఆ ఏడు నెలల్లో ఆమె ఆయన్ని లేపకుండా వదిలేసిన రోజు అదొక్కటే.

పెద్దది తలుపు మూసి ఉన్నది మూసినట్టే ఉంది. ఎవరూ తియ్యమని అడగలేదు. పన్నెండో రోజున పిన్ని వచ్చి, "హోటలు వాళ్లు రెండుసార్లు ఫోను చేశారమ్మాయ్, నువ్వు ఎత్తట్లేదట" అంది. మళ్లీ మెల్లగా, "ఆ అబ్బాయి పేర్చిన కప్పులు లోపలే ఉన్నాయి. ఎన్నాళ్లుంచుతావు?" అంది.

ఇద్దరూ కలిసి తలుపు తీశారు. లోపల నుంచి ఆవిరి లేదు, వేడి లేదు, చప్పుడు లేదు. ఆయన పేర్చినవి పేర్చినట్టే, చెవులన్నీ ఒకే వైపుకి తిరిగి, వరసలుగా ఉన్నాయి. పిన్ని ఒక్కొక్క కప్పునీ తీసి, వెలుతురుకి పెట్టి, వేలితో మీటి చూసింది. పై అర అయింది. నడిమి అర అయింది. కింది అర కూడా అయింది.

"ఒక్కటి కూడా పోలేదమ్మాయ్" అంది పిన్ని. ఏడు నెలల్లో అలాంటి విడత లేదు. చెప్పాక ఆ మాట ఎందుకన్నానా అనుకుని, అలవాటుగా తడిగుడ్డ తీసుకుని పలక తుడవబోయింది.

ఆమె పిన్ని చెయ్యి పట్టుకుంది. "అది వద్దు పిన్నీ."

పిన్ని గుడ్డ కింద పెట్టేసింది. పలక మీద డాక్టరూ ఏటి గట్టూ అలాగే ఉన్నాయి, రెండిటికీ మధ్య ఆయన పెట్టిన చుక్క కూడా ఉంది.

పిన్ని కప్పుల్ని బుట్టలోకి సర్దుకుని ముందు గదిలోకి వెళ్లిపోయింది. ఆమె బల్ల మీద, ఆయన తల పెట్టుకున్న చోట కూర్చుంది. అంతకుముందు ఆ బల్ల మీద ఎప్పుడు కూర్చుందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. చేతిని వెనక్కి తిప్పి గోడకి ఆనించింది. గోడ చల్లగా ఉంది. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టింది. పది వచ్చింది. చెయ్యి తియ్యకుండా, ఎవరికీ వినపడనంత మెల్లగా పిలిచింది.

"పది వచ్చిందండీ. ఇప్పుడైనా లేవండి."